పదకొండు నెలలు పెట్టని బండి

వర్జిల్ స్టెనెరుడ్ ముప్పయ్యేళ్లు యూనివర్సిటీ గడ్డి కోసి రిటైరయ్యాడు. కోయడానికి ఇప్పుడు గడ్డి లేదు కాబట్టి రోజూ పొద్దున్నే లవోన్ అనే ఆవిడ కాఫీ కొట్టుకి వచ్చి కోతలు కోస్తాడు. అతనికి అలవాటైన స్టూలు మీద కూర్చుంటే కిటికీ వీపు వెనకుంటుంది. ఆ కిటికీ బయటే సరుకులు దించుకునే చోటు. అక్కడ అతని పాత ఎర్ర ట్రక్కు ఈ పొద్దు దర్జాగా నిలబడి ఉంది, లోపల డ్రైవరు లేకుండా.

ఆర్డిత్ క్వామ్ లోపలికొచ్చి బూట్ల మంచు దులుపుకుంది. పార్కింగ్ ఆఫీసులో ఇరవయ్యారేళ్లుగా జరిమానా టికెట్లు రాస్తున్న మనిషి. ఆమె నడుముకున్న మెషిన్‌లో ఆ ఎర్ర ట్రక్కు నంబరు అప్పటికే ఎక్కింది. నంబరు పలక తప్ప అంతా మంచు కప్పేసి, ఎవరి బండో తెలియక ముందే నొక్కేసింది. ఒకసారి నొక్కాక, డ్రైవరొచ్చి బండెక్కితే తప్ప ఆ మెషిన్ ఎవరి మాటా వినదు. డ్రైవరు లేని బండికి ఇరవై నిమిషాలు ఓపిక పడుతుంది, ఆ తర్వాత టికెట్ దానంతటదే పోతుంది. వర్జిల్‌కి ఈ ఏడాదిలో మూడైపోయాయి. నాలుగోది పడితే రిటైరైనవాళ్లకిచ్చే పార్కింగ్ బిళ్ల ఏడాదిపాటు లాగేసుకుంటారు. బిళ్ల లేకపోతే క్యాంపస్‌లోకి ట్రక్కు రాదు. అతని ఇల్లు పదకొండు మైళ్ల అవతల మొక్కజొన్న చేల మధ్య ఉంది, అక్కడికి బస్సు లేదు. ఈ స్టూలు పోతే ఆ మనిషికి మాట్లాడుకోవడానికి గోడలే మిగులుతాయి. అందుకే ఆర్డిత్ లోపలికొచ్చింది. ఏడు నిమిషాలు అయిపోయాయి.

"వర్జిల్, ఒక మాట," అంది.

"ఉండు ఆర్డిత్, పాపం ఇతనికి పార్కింగ్ శాస్త్రం చెబుతున్నాను," అన్నాడు, పక్కనున్న ఎల్రాయ్ భుజం తట్టి. ఎల్రాయ్ ప్లంబరు, పనిలో చేరి నెల కాలేదు, అప్పుడే రెండు టికెట్లు తిన్నాడు. "చూడు తమ్ముడూ, రూల్స్ పుస్తకంలో బండి ఆపడం వేరు, నిలపడం వేరు, పెట్టడం వేరు. ఈ మూడూ తెలిసినవాడికి టికెట్ లేదు. నాకు జన్మలో ఒక్కటీ పడలేదు."

లవోన్ కాఫీ పోస్తూ ఆర్డిత్ వంక చూసింది. ఆర్డిత్ పైకప్పు వంక చూసింది.

"ఒకరోజు ట్రక్కులో గడ్డి మెషిన్ బ్లేళ్లు వేసుకుని వస్తున్నాను. యూనివర్సిటీ ప్రెసిడెంటుగారు బండి పెట్టుకునే చోటు ఖాళీగా ఉంది. అందులో దూర్చి ఇంజన్ ఆపకుండా కూర్చున్నాను. ఎముకలగూడులాంటి పిల్ల ఒకతి పరిగెత్తుకొచ్చింది, కొత్త యూనిఫాం, టోపీ చెవులమీదికి జారిపోతోంది. ఇక్కడ పెట్టకూడదండీ అంది. పెట్టలేదమ్మా, నిలిపాను, అన్నాను. బోర్డుమీద పెట్టరాదని ఉంది, నిలపరాదని లేదు. డ్రైవరు కాలు నేలకి తగిలితేనే పెట్టినట్టు. సరే, ఎప్పుడోకప్పుడు తగలదా అని ఆ పిల్ల టికెట్ల పుస్తకం పట్టుకుని నిలబడింది. నేను తగలనిస్తానా?"

"ఎంతసేపు కూర్చున్నారు?" అన్నాడు ఎల్రాయ్.

"సాయంత్రం దాకా అనుకున్నాను. మర్నాడు శనివారం, ఫుట్‌బాల్ ఆట. ఎనభైవేలమంది వచ్చారు, ఒక్కొక్కడూ కిటికీలోంచి కాల్చిన సాసేజీ ఇచ్చి పోయాడు. కాదంటే బాగుండదని అన్నీ తిన్నాను."

"ఎనభైవేలూ?"

"నంజుకోడానికి ఆవముద్ద వేరే పెట్టారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మంచు పడింది. ట్రక్కు మునిగిపోయింది. యాంటెనాకి నా ఎర్ర మేజోడు కట్టి పైకి పెట్టాను, ఎవరూ తొక్కకుండా. పిల్లలు వంతులేసుకుని డబ్బాలతో పెట్రోలు పోశారు. లా కాలేజీవాళ్లు క్లాసు అక్కడికే మార్చారు. నా కాలు నేలమీద ఉన్నట్టా లేనట్టా అనే విషయంమీద ఆరుగురు డిగ్రీలు పుచ్చుకుపోయారు. ప్రెసిడెంటుగారు పాపం కోళ్ల పరిశోధన షెడ్డు దగ్గర పెట్టుకుని, కోటుకి ఈకలతో మీటింగులకి వెళ్లేవాడు."

"వర్జిల్, బయట," అంది ఆర్డిత్. పద్నాలుగో నిమిషం.

"బయటేముంది, మంచే. అసలు సంగతి ఇంకా రాలేదు. ఏప్రిల్‌లో అక్కడ నాలుగంతస్తుల పార్కింగ్ భవనం మొదలెట్టారు. దిగవయ్యా అన్నారు. దిగితే పెట్టినట్టు కదా. చేసేదిలేక నన్నూ ట్రక్కునీ జాకీలతో రెండో అంతస్తుకెత్తి, నా చుట్టూ కట్టుకున్నారు. అక్కడో స్తంభం వంకరగా ఉంటుంది, చూశావా?"

"నిన్ననే నా అద్దం విరిగింది దానికి తగిలి," అన్నాడు ఎల్రాయ్, నమ్మాలా వద్దా అన్నట్టు.

"అది నా బంపరుకి దారిచ్చిన వంకర. ఇంకా వినాలి నువ్వు. ఆ పిల్ల కూడా నాతోపాటే పైకొచ్చింది. అంగుళం కదల్లేదు. పదకొండు నెలలయ్యేసరికి ఆమె బూట్ల చుట్టూ గడ్డి మొలిచింది, కాంక్రీటులోంచి. మోకాళ్లదాకా పెరిగింది. గడ్డి కోసే చెయ్యి నాది, చూస్తూ ఊరుకుంటుందా? కిటికీలోంచి బ్లేడు చాపి నున్నగా కోశాను. అప్పుడేడ్చింది తల్లి. పుస్తకం నా ఒళ్లో పడేసి, మీకు టికెట్ రాయగలిగినవాళ్లు పుట్టలేదండీ, అని దణ్ణం పెట్టి వెళ్లిపోయింది."

ఎల్రాయ్ ఆ పిల్లమీద జాలిపడ్డాడు. "ఇప్పుడెక్కడుందో."

"ఇక్కడే ఉంది, నీ పక్కన," అంది ఆర్డిత్. టోపీ తీసి బల్లమీద పెట్టింది. "ఎముకలగూడుని నేనే. తొమ్మిది నిమిషాలు కూర్చున్నాడు తమ్ముడూ ఈ మహానుభావుడు. పదో నిమిషంలో మోకాళ్లు దగ్గరపెట్టుకుని, అమ్మాయ్ ఇక్కడ బాత్రూం ఎక్కడా అనడిగి, తలుపైనా వెయ్యకుండా దిగి పరిగెత్తాడు. నా ఉద్యోగంలో మొదటి టికెట్ ఆ ట్రక్కుకే రాశాను. ఏడ్చిన మాట నిజమే, చలికి."

లవోన్ కాఫీ కూజా కింద పెట్టి నవ్వింది. ఎల్రాయ్ తన కప్పులోకి తల వంచుకున్నాడు.

"ఇంకో సంగతి వర్జిల్. నీ కాళ్లిప్పుడు రెండూ లవోన్ నేలమీదున్నాయి. నీ ట్రక్కు నీ వెనకాల బయటుంది. నీ శాస్త్రం ప్రకారం అది పెట్టినట్టా, నిలిపినట్టా?" మెషిన్ అతని ముక్కు దగ్గర పెట్టింది. "అది నాలుగోది. ఇంకా ఒకటిన్నర నిమిషం ఉంది."

డెబ్బయ్యొక్కేళ్ల మనిషి స్టూలు మీంచి దూకిన తీరు, నిజంగా కథలో చెప్పుకోదగ్గది అదొక్కటే. కోటు వదిలేశాడు. టోపీ వదిలేశాడు. మంచులో రెండుసార్లు జారి, మూడోసారి ట్రక్కు తలుపు పట్టుకుని లోపలికి పాక్కుంటూ ఎక్కాడు. ఆర్డిత్ వెనకాలే వెళ్లి, 'డ్రైవరు వచ్చాడు' అన్న మీట నొక్కింది. పందొమ్మిది నిమిషాల యాభై సెకన్లు. మెషిన్ ఊరుకుంది.

వర్జిల్ ఊపిరి తీసుకున్నాడు. తీసుకున్నదంతా వెంటనే వాడుకున్నాడు. కిటికీ అద్దం దించి, "లవోన్, నా కాఫీ ఇటు పంపు," అని కేకేశాడు. "పెట్టలేదు, నిలిపాను."

"ఇది సరుకు దించే చోటు," అంది ఆర్డిత్. "నిలపాలన్నా ఏదో ఒకటి దించాలి. ఖాళీ ట్రక్కు. ఏం దించుతున్నావని రాయను?"

లవోన్ ఒక చేత్తో కప్పూ ఇంకో చేత్తో అతని కోటూ పట్టుకుని మంచులోకి వచ్చింది.

"కోతలని రాయి," అంది. "దించడానికి పదకొండు నెలలు పడుతుందని కూడా రాయి."