మూడు ఫ్యాక్టరీల సర్వర్

చెబితే ఓనరు తననే దొంగ అనుకుంటాడు, చెప్పకపోతే రేపు ఇంకెవరో నిజంగానే దొంగ అవుతారు అని తర్కించుకుంటూనే ఆమె మార్కాపురంలోని ఆ పలకల ఫ్యాక్టరీ ఆఫీసులోకి వచ్చింది. ఆమె పక్క ఫ్యాక్టరీలో కంప్యూటర్ క్లర్కు. మూడు ఫ్యాక్టరీల వెబ్‌సైట్లూ నడిచే సర్వర్ ఈ ఓనరుది.

“చిన్నాయనా, మీ సర్వర్‌లో లొసుగుంది. మా సైటు వరకే అని మీరిచ్చిన లాగిన్‌తో నేను మొత్తం సర్వర్‌నే నా చేతిలోకి తీసుకోవచ్చు.”

“బయటోళ్లు జొరబడతారా పాపా?”

“బయటోళ్లు కాదు, మీరు లోపలికి రానిచ్చిన మాలాంటోళ్లే. వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పాతదైపోయింది.”

“అంటే నా రేట్లు మీ ఓనరు చూసినాడా?”

“ఆయనకు ఈ సంగతే తెలీదు. నేనూ మీ ఫైళ్లు తెరవలేదు.”

“తెరవలేదని ఎట్ల నమ్మేది?”

“నమ్మించేదానికి నా దగ్గర ఏమీ లేదు. అందుకే రావాలంటే భయమేసింది.”

“తెరవాలని అనిపించలేదా?”

“అనిపించింది.”

ఆయన నెమ్మదిగా నవ్వాడు.

“అనిపించలేదని అనుంటే పంపించేసేవాణ్ణి. ఇప్పుడేం చేయాల?”

“కొత్త వెర్షన్ వేయాల. కాసేపు మూడు సైట్లూ ఆగిపోతాయి.”

“ఆగనీలే. మిగతా ఇద్దరు ఓనర్లకీ నేనే ఫోన్ చేసి చెప్తా, కనిపెట్టింది నువ్వేనని కూడా చెప్తా. కూర్చో, నువ్వే వెయ్యి.”

“పాస్‌వర్డ్ మీరు కొట్టాల.”

“అది లేకుండానే పోగలనంటివి గదా?”

“పోగలను. అయినా మీరే కొట్టండి.”

ఆయన కీబోర్డును దగ్గరికి లాక్కున్నాడు. ఆమె తన కుర్చీని కిటికీ వైపు తిప్పుకుంది.