మేజోళ్ల మిల్లుకి ఫోను

(ఆఫీసులో మీటింగు గది. బల్ల మధ్యలో స్పీకరు ఫోను. మేనేజరూ, ప్రోగ్రాములు రాసే అమ్మాయీ.)

"విన్నావుగా? తప్పంతా నీదేనని ఆ మేజోళ్ల మిల్లు ముసలాయనకి చెప్పేశాను. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

"సార్, ఒక్క మాట..."

"ఏంటమ్మా మాట? వాళ్ల పాత మిషన్ల ప్రోగ్రాము కొత్త కంప్యూటర్లో నడవడానికి ఎమ్యులేటరు రాయమంటే, పూట గడవకుండానే మెమరీ అంతా మింగేసి చతికిలబడుతోంది! నీకు డిగ్రీ ఎవరిచ్చారు, చెప్పు?"

"ఒక్కో మేజోడు అల్లడానికీ ప్రోగ్రాములో ఒక్కో థ్రెడ్ మొదలవుతుంది సార్. అల్లడం కాగానే ముగిసిపోతుంది. ముగిసేటప్పుడు తను తీసుకున్న మెమరీ తిరిగిచ్చెయ్యాలి. ఇవ్వట్లేదు."

"ఎందుకిస్తుంది? నువ్వు రాస్తేగా!"

"రాశాను. ఎవరో తీసేశారు."

"ఎవరో! దయ్యమొచ్చి తీసేసిందా?"

"ప్రోగ్రాము మార్పుల చిట్టాలో, తీసేసినచోట మీ పేరుంది సార్."

"ఆ... అదా. తీసేశాను. అయితే ఏంటట? ప్రోగ్రాము మూసేస్తే అన్నీ వాటంతటవే పోతాయి. ఆ మాత్రానికి అడుగడుక్కీ ఊడ్చుకుంటూ కూర్చోవాలా?"

"వాళ్లు మూసెయ్యరు సార్. మిల్లు రాత్రీ పగలూ నడుస్తుంది. ఆయన మొదటిరోజే చెప్పారు."

"ఆయనా! ఆ తుప్పు మిషన్లతో పాటు ఆయన్ని కూడా పాత సామాన్లకి వేసెయ్యాలి. థ్రెడ్ అంటే ఏంటో తెలుసా ఆయనకి? ఏం చెప్పినా ఊఁ కొడతాడు. తప్పు నీదన్నాను, నమ్మాడు. అయిపోయింది."

"మరి నా ఉద్యోగం?"

"నీలాంటివాళ్లు వీధికి పదిమంది. నా పరువు పోతే నువ్వు తెచ్చిస్తావా? పో, పోయి నీ బల్ల ఖాళీ చెయ్యి."

"చేస్తాను. సార్, మీరు ఫోను పెట్టేశారా?"

"మాట్లాడ్డం అయిపోయిందిగా, ఇంకా పెట్టేదేంటి? అవతలివాళ్లు పెట్టేస్తే అదే పోతుంది."

"పచ్చ దీపం ఇంకా వెలుగుతోంది."

"వెలుగు... వెలుగుతోందా?"

"వెలుగుతూనే ఉంది బాబూ. నేనే, మేజోళ్ల ముసలాణ్ణి. ఇంకా పెట్టెయ్యలేదు. అమ్మాయ్, నువ్వు తిన్నగా మా మిల్లుకొచ్చెయ్. వస్తూ వస్తూ ఆయన తీసేసినవన్నీ పట్టుకురా. ఆయన్ని మాత్రం అక్కడే వదిలెయ్."