ప్లగ్గు వైర్ల మీద నీళ్లు చల్లిన సంగతి

నా పేరు మార్తమ్మ. తండ్రి జ్ఞానప్రకాశం, చనిపోయారు. వయసు యాభై నాలుగు. ఉండేది ముత్తంగి. పాశమైలారం కంపెనీల్లో పనిచేసేవాళ్లకు యూనిఫారాలు కుడతాను. భానూర్ రాజవ్వ నా మీద ఇచ్చిన ఫిర్యాదు గురించి ఎస్సై గారు అడిగారు. జరిగింది చెబుతున్నాను.

మా ఇంట్లో నేనే పెద్దదాన్ని. తమ్ముడు ఎడ్విన్‌కు రింగు రోడ్డు దగ్గర కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. మధ్యాహ్నం అన్నం నేనే తీసుకెళ్తాను.

రాజవ్వ కొడుకు పెంటయ్య గారికి పాత తెల్ల పెట్రోలు కారు ఉంది. ఇంజను మిస్సింగ్ కొడుతోందని, అంటే దగ్గినట్టు ఆగి ఆగి నడుస్తోందని, ఈ వానాకాలంలో మూడుసార్లు తెచ్చారు. తెచ్చిన ప్రతిసారీ అది బాగానే నడిచింది. ఎడ్విన్ ప్లగ్గులు మార్చాడు. కార్బొరేటర్ విప్పి కడిగాడు. అయినా మళ్లీ వచ్చింది.

“మా ఇంటికాడ ముసలోని లెక్క దగ్గుతది. నీ షెడ్డుకొస్తె పెండ్లికొడుకు లెక్క నిలవడ్తది. మీ ఇద్దరి నడుమ ఏమన్న ఒప్పందమున్నదా ఏంది?” అన్నారు పెంటయ్య గారు.

“గది నాకు సుట్టం గాదె అన్నా,” అని తమ్ముడు నవ్వాడు. కానీ ఆ రోజు అన్నం సగమే తిన్నాడు.

పొద్దున దగ్గేది మధ్యాహ్నానికి ఎందుకు మానుతుందో నాకు తెలియలేదు. రాత్రి కారు ఎక్కడ పెడతారని పెంటయ్య గారిని అడిగాను. వాకిట్లోనే, వానలోనే అన్నారు.

“వాన పడని పొద్దు గూడ దగ్గుతదా అన్నా?”

ఆయన వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నారు. లేదన్నారు.

తమ్ముడు చేతిలో పానా కింద పెట్టాడు. ప్లగ్గులకు కరెంటు తీసుకుపోయే వైర్ల మీది రబ్బరు పగిలితే, తడిలో ఆ కరెంటు ప్లగ్గు దాకా పోక పక్కకు దూకుతుందని చెప్పాడు. ఇక్కడికి వచ్చేలోగా ఇంజను వేడికి తడి ఆరిపోతోందన్నాడు. దూకేది కంటికి కనిపిస్తుందా అని అడిగాను. చీకట్లో కనిపిస్తుందన్నాడు. నాకు చూడాలనిపించింది.

మొన్న మంగళవారం సాయంత్రం ఐదున్నరకు కారు మళ్లీ వచ్చింది. రాజవ్వ కూడా వచ్చి బయట బెంచీ మీద కూర్చుంది. పెంటయ్య గారు చాయ్ తాగడానికి వెళ్లారు. లోపల చీకటి కావాలని షట్టరు నడుము దాకా దించాము. తమ్ముడు కారులో కూర్చుని ఎక్సలేటర్ తొక్కాడు. ఇస్త్రీ బట్టల మీద నీళ్లు చల్లే సీసా నేను ఇంటి నుంచి పట్టుకొచ్చాను. మూతకు చిల్లులు ఉంటాయి.

“జెర జెర సల్లు అక్కా. చెయ్యి మాత్రం పెట్టకు, కొడ్తది.”

మొదటి వైరు మీద చల్లాను. ఏమీ కాలేదు. రెండో దాని మీద చల్లాను. నీలి వెలుగు ఇనుము మీదికి దూకింది. నేను కుట్టే దారం కన్నా సన్నం. టిక్, టిక్ మని పుడుతూ పోతూ ఉంది. ఇంజను దగ్గింది. మూడో వైరు కూడా అంతే. దొరికిందా అక్కా అని తమ్ముడు రెండుసార్లు అరిచాడు. నేను చూస్తూ ఉండిపోయాను.

నాలుగు వైర్లూ కొత్తవి వేశాడు. మళ్లీ చల్లాను. వెలుగు రాలేదు. ఇంజను దగ్గలేదు. వాళ్లు కారు తీసుకుని వెళ్లారు.

మర్నాడు పెంటయ్య గారి మనవరాలు నిషితకు వాంతులయ్యాయి. రాజవ్వ షట్టరు కింద నుంచి చూసిందట. నేను పెదవులు కదుపుతూ నీళ్లు చల్లాననీ, నీలి మంట లేచిందనీ చెప్పింది. బాణామతి అన్నది, పిల్ల మీద చేతబడి చేశానన్నది. సాయంత్రానికి ఆ మాట ముత్తంగి చేరింది. షెడ్డు జాగా దశరథ్ గారిది. ఇది తేలేదాకా తెరవొద్దని ఆయన తాళం వేశారు. తమ్ముడికి వేరే పని లేదు. నాకు కుట్టడానికి ఇచ్చిన బట్టలు కొందరు తీసుకెళ్లారు. పిల్ల తిన్న బజ్జీలు పడలేదని డాక్టరు చెప్పారు. పిల్ల బడికి కూడా వెళ్లింది. బాణామతి అన్న మాట మాత్రం పోలేదు.

ఈ రోజు ఉదయం ఎస్సై గారు అందరినీ పిలిచారు. స్టేషను వెనక రేకుల షెడ్డులో తమ్ముడు పాత వైర్లు మళ్లీ ఆ కారుకు తగిలించి ఇంజను నడిపాడు. తలుపు మూశారు. సీసా రాజవ్వ చేతికిచ్చారు.

“నాకు భయమైతది సారూ,” అన్నది. అంటూనే చల్లింది. నీలి వెలుగు దూకింది.

“అవ్వో! మిణుగురు పురుగు లెక్కున్నది.” మళ్లీ చల్లింది. ఎస్సై గారు చాలనేదాకా చల్లింది. తర్వాత నా వైపు తిరిగింది.

“నీళ్ల సంగతి సరే. మూతి ఎందుకు కదిలింది మార్తమ్మా? నేను కండ్లార సూసిన.”

ఎస్సై గారు నా పక్కకు వచ్చారు. “తమ్ముడితో మాట్లాడుతున్నానని చెప్పమ్మా, అయిపోతది,” అన్నారు. తమ్ముడు కూడా కళ్లతో అదే చెప్పాడు. దశరథ్ గారు తాళంచెవి పట్టుకుని నిలబడి ఉన్నారు.

ప్రార్థన చేశానని చెప్పాను.

“నా పేరు తీస్కున్నవా?”

“తీస్కున్న అవ్వా.”

దశరథ్ గారు తాళంచెవి జేబులో వేసుకున్నారు.

“ఏమని తీస్కున్నవ్?”

“రాజవ్వకు నడువ చాతగాదు ప్రభువా, బండి తొవ్వల ఆగితె ఆగమైతది, ఇల్లు చేర్చు అని.”

రాజవ్వ ఎస్సై గారి వైపు తిరిగింది. సీసా ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

“ఆగలె సారూ,” అన్నది. “సక్కగ ఇంటిదాంక పోయింది. గది గూడ రాయుండ్రి.”

దశరథ్ గారు తాళంచెవి తీసి తమ్ముడికిచ్చారు.

నేను చెప్పినట్టే రాసి, నాకు చదివి వినిపించారు. చూసినదీ విన్నదీ చేసినదీ తప్ప ఇందులో వేరే ఏమీ లేదు. ప్రార్థన మాట తీసివేయమని నేను అడగలేదు, తీసివేయలేదు. ఇది నిజం.

సంతకం: మార్తమ్మ

విన్నవారు: రాజవ్వ, ఎడమ బొటనవేలి ముద్ర