మద్దిలేటి చెప్పిన అర్థం

మైదుకూరులో కర్నూలు రోడ్డు పక్కన పంచరు షాపు. స్కూటరు నెట్టుకుంటా వచ్చిన రిటైర్డు ఇంగ్లీషు సారు, చక్రం విప్పుతాన్న మనిషిని గుర్తుపట్టినాడు.

"మద్దిలేటీ, ఎనిమిదో తరగతిలో 'రన్' అంటే ఏమిరా అంటే, 'నడపడం' అంటివి. గుర్తుండాదా?"

"మర్సిపోతానా సార్? 'పరిగెత్తేదాన్ని నడిపిస్తాండాడు సూడండిరా' అంటిరి. క్లాసంతా నవ్విరి. ఆ పొద్దునుంచి ఎవురు ఎదురైనా 'ఏమప్పా, ఏం నడుపుతాండావు' అని అడిగేదే. తట్టుకోలేక వారానికే బడి మానేస్తి."

"ఆ అర్థం నీకెవురు చెప్పిరి?"

"మా మామ. మహానందిలో హోటలు నడుపుతాండె. బోర్డు మీద 'రన్ బై' అని తన పేరు రాయించుకునె."

"నువ్వు చెప్పింది తప్పు కాదప్పా. ఆ ఒక్క మాటకు డిక్షనరీలో పేజీలకు పేజీలు అర్థాలుండాయి. నీదీ ఉండాది."

"ఈ మధ్య చూసినారా సార్?"

అవునంటే సరిపోయేది. సారుకు అబద్ధం నోటికి రాలేదు.

"లేదు. ఆ సాయంత్రమే చూసినా. తెల్లారి క్లాసులో ఒప్పుకుంటే పిల్లోళ్ల ముందర చులకనైపోతానని ఊరకుంటి. యాడికి పోతాడులే, నిదానంగా చెప్దామనుకుంటి. నువ్వు మళ్లీ రాకపోతివి."

మద్దిలేటి ట్యూబును నీళ్లలో ముంచి, బుడగలు లేచే చోట వేలు పెట్టినాడు.

"సారుకే తెలీదు పాపం అనుకుంటి," అన్నాడు. "అందుకే ఇన్నేండ్లు మీ మీద కోపం రాలేదు సార్."