వెనక సీటు

తెల్లవారినప్పటి నుంచి పంజాగుట్ట మీద మబ్బు కమ్ముకునే ఉంది, కురవదు, విడవదు. పాత కార్లమ్మే రాఘవేందర్ షెడ్డులో రెండు స్పోర్ట్స్ కార్లు, వాటి మధ్య సాఫ్ట్‌వేర్ ఉద్యోగి వంశీధర్, అతని భార్య మంజూష. ఆమె చూపు ఎర్ర కారును వదలడం లేదు.

"జర ఆగన్నా. గీ ఎర్రదానికి ఇంజన్ ముంగటుంటది. పసుపుదానికి నడుమ, మీ సీట్ల ఎనకనే. అందుకే దాని ధరెక్కువ."

"పసుపుదే చూద్దాం. బరువు మధ్యలో ఉంటే మలుపులో బండి పట్టు తప్పదు."

"అమీర్‌పేటలో ఏం మలుపులండీ? ఆటో వెనకాల ఆటో. ఎర్రది చవక కూడాను."

"ధర సంగతి నాకొదిలెయ్, మంజూ."

"టమాటాల దగ్గర గీచి గీచి బేరమాడతారు. ఇక్కడ మాత్రం..."

"వదిన చెప్పేది కరెక్టే అన్నా. నా బేరం నేనే ఖరాబ్ చేస్కుంటున్న గానీ, పసుపుదాంట్ల రెండే సీట్లు. ఎనక మొత్తం ఇంజనే. మస్తు మోత. మాట్లాడితే ఇనవడదు."

"వినబడకపోతే మంచిదే."

"ఎర్రదానికి వెనక సీటుంది కదా, రాఘవేందర్ గారూ?"

"పేరుకుంది వదినా. పెద్దోళ్లు పట్టరు. పిల్లలైతే కూసుంటరు. పిల్లలున్నరా?"

"లేరు రాఘవేందర్."

"ఉన్నాడండీ. ఒకడు."

"గదేంది, ఒకలొకటి..."

"పోయాడు రాఘవేందర్. కిందటి వానాకాలం. మెదడువాపు. ఆరేళ్లు వాడికి."

"అయ్యో అన్నా. నాకెర్కలే."

"వెనక సీట్లో కూచుని అమీర్‌పేట కోచింగ్ బోర్డులన్నీ చదివేవాడండీ. అక్షరాలు అట్లాగే వచ్చాయి. జావా, ఒరాకిల్..."

"మంజూ, ఊరుకో."

"సీ ప్లస్ ప్లస్‌ని 'సీ కూడిక కూడిక' అనేవాడు."

"ఊరుకోమన్నానా."

"ఊరుకుంటాను. పసుపుదే ఎందుకో చెప్పండి."

"చెప్పాగా. బరువు మధ్యలో..."

"ఏవండీ, నా మొహం చూసి చెప్పండి."

"మన కారులో ఆ బోర్డులున్న మైత్రీవనం దాటుతుంటే వెనక నుంచి వాడి గొంతు వినిపిస్తోంది మంజూ. రోజూ. వెనక సీటే లేకపోతే, అక్కడ ఇంజన్ మోగుతుంటే, వినబడదేమోనని."

"మీకూ వినబడుతోందా? నాకొక్కదానికే అనుకున్నాను. ఎర్రది తీసుకుందామండీ. ఇద్దరం విందాం."

మధ్యాహ్నం పక్క సందు మెస్సులో ముగ్గురూ ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నారు. చెయ్యి కడుక్కున్నాక వంశీధర్ ఎర్ర కారు తాళం అడిగాడు.