క్రాస్ కంట్రీ అంటే దేశం దాటుడే

"కూసో భీమ్లా, కూసో. బస్సు రానీకి ఇంకా ముప్పావుగంట ఉంది. బుల్లెమ్మా, భీమ్లాకొక చాయ్ పొయ్యి, చక్కెర జర ఎక్కువెయ్యి. పంపను పంపను అని నువ్వు మూడుమాట్లు అన్నవు, నేను మూడుమాట్లు విన్న. నాలుగోమాటు అనేముందు నేను చెప్పేది విను."

చర్ల రోడ్డు మీద బస్సు ఆగే చోట బుల్లెమ్మ చాయ్ కొట్టు. ఈ మాటలంటున్నది ఆ ఊరి హైస్కూలు డ్రిల్లు సారు క్రీస్తుదాసు. మెడలో విజిలు, చంకలో కాయితాల సంచి. ఆరుగురు పిల్లల్ని తీసుకుని వరంగల్లులో రాష్ట్ర స్థాయి పరుగు పందేలకు బయల్దేరాడు. ఐదుగురు వచ్చి రోడ్డు పక్కన మూటల మీద కూర్చున్నారు. రావలసిన ఆరో మనిషి తొమ్మిదో తరగతి హేమ్లి. ఆమె రోడ్డుకు దగ్గర్లోనే ఉన్న ఇంట్లో బట్టల సంచి సర్దుకుని కూర్చునుంది, వచ్చింది మాత్రం వాళ్ళ నాయన భీమ్లా. టేకులపల్లి దిక్కు నుంచి వచ్చి ఇక్కడి అడవిలో పోడు వ్యవసాయం చేసుకుంటున్న లంబాడీ రైతు, మాట తక్కువ మనిషి. పందెంలో ముందు నిలిస్తే హేమ్లికి స్పోర్ట్స్ హాస్టల్లో సీటొస్తుంది. ఈ బస్సు తప్పితే ఆ సంగతి అంతటితో సరి.

"సంపూర్ణ టీచరమ్మ భద్రాచలంల ఎక్కుతది, ఆడపిల్లలను ఆమె చూసుకుంటది, అది గూడ చెప్పిన. ఇంకేంది నీ భయం?"

"అంత పెద్ద ఊరు సారూ. యాడనన్న తప్పిపోతె ఎవరు తోలుకొస్తరు?" అన్నాడు భీమ్లా.

"తప్పిపోవుడా? నా చేతి కింద పిల్ల తప్పిపోవుడా? పున్నయ్యగారూ, విన్నరా ఈ మాట?"

పక్క బల్ల మీద చాయ్ ఊదుకుంటున్న బసవపున్నయ్య కోస్తా నుంచి వచ్చి మిరప తోటలు వేసిన రైతు. సారు ఏదన్నా మొదలుపెడితే ఆయనకు పొద్దు గడుస్తుంది. "విన్నానండీ. కానివ్వండి మాస్టారూ" అన్నాడు.

"పదకొండేండ్ల నౌకరి నాది. దసరా సెలవులు అయిపోయిన్నాటి నుంచి కార్తీకం వెళ్ళేదాక నాకు ఇల్లు లేదు, వాకిలి లేదు. మండలం ఆటలు, జోనల్ ఆటలు, జిల్లా ఆటలు. పొద్దున లేస్తె సున్నం బకెట్ పట్టుకొని గీతలు గీసుడు, కబడ్డీకి గీసింది ఖోఖోకు చెరుపుడు, మళ్ళ గీసుడు. మొన్న ఆదివారం ఇంటికి పోతె మా ఇంటిది సవరమ్మ తలుపు తీసి, సారు లేరండీ ఆటలకు పోయిండ్రు, అన్నది. గట్లుంటది నా కార్తీకం. ఇన్నేండ్లల్ల ఒక్క పిల్లను తప్పిపోనియ్యలె. రెండేండ్ల కింద ఒక పిల్ల తప్పిపోబోయింది, అంతే, పోలె. ఎందుకు పోలె? నేనున్న గనక.

"మండలాలు పడ్డ కొత్తల అది. జిల్లా ఆఫీసు నుంచి కాయితమొచ్చింది, ప్రతి బడిల క్రాస్ కంట్రీ పందెం పెట్టాలె అని. మా హెడ్మాస్టరు వెంకటనారాయణ సారు కళ్ళద్దాలు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి చదివి, ఏందయ్యా ఇది అన్నడు. నేనన్న, సారూ, క్రాస్ అంటె దాటుడు, కంట్రీ అంటె దేశం. దేశం దాటి ఉరికి రావాలె. మనది బార్డరు గనక మనకు పంపిండ్రు."

"అవతల ఉన్నది మధ్యప్రదేశ్ కదండీ, అదీ మన దేశమేగా" అన్నాడు బసవపున్నయ్య.

"మన ఊరికి అంతకంటె దగ్గర దేశం యాడుందో మీరే చూపియ్యండ్రి. ఏడో తరగతి పిల్లలను పాకిస్తాన్ దాక ఉరకమంటరా? అట్లనే కాయితంల నాలుగు కిలోమీటర్లే అని రాసిండ్రు. బార్డరు పన్నెండు. ఆఫీసుల కూసున్నోళ్ళకు అడవి ఏం ఎరుక? నేనే దిద్దుకున్న.

"పొద్దున ఏడింటికి పన్నెండుమంది పిల్లలను గ్రౌండుల నిలబెట్టిన. బార్డరు రాయి ముట్టి రావాలె, గదే పందెం. విజిలు ఊదిన. నేనూ వాళ్ళతోని ఉరికిన. ఇందుల గొప్ప ఏం లేదు, డ్రిల్లు సారన్నోడు ఉరకాలె. వేరే సార్లు సైకిలెక్కి పిల్లల ఎనక పోతరు, నేను కాళ్ళ మీద ఉరికిన, గంతే తేడా. అడవి మొదలయ్యేసరికి పిల్లలు చెట్ల నడుమ కనబడకుంట పోయిండ్రు. నేను ఎనకబడ్డనని కాదు. పిల్లలకు ధైర్నం రావాలెనని మెల్లగ ఉరికిన."

"అట్లనా సారూ" అంది బుల్లెమ్మ.

"అట్లనే. పోయి పోయి బార్డరు రాయి ముట్టిన, ఈ చెయ్యితోనే. జొన్నచేను మూలకు ఒరిగి ఉంటది, నల్లరాయి. మధ్యప్రదేశ్ జొన్న మన జొన్న తీరుండదు, కంకి పెద్దగుంటది, చూడంగనే ఎరుకైతది. గాలి గూడ మారింది. హిందీ గాలి.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఎనక చప్పుడైంది. తిరిగి చూస్తె ఎలుగ్గొడ్డు! చిన్నది కాదు, మనిషంత ఎత్తు. రెండు కాళ్ళ మీద నిలబడి, రెండు చేతులు ఊపుకుంట నా మీదికొస్తున్నది. ఎంత గట్టిగ ఒర్రిందంటె, నన్నే 'సారూ' అని పిలిచినట్టు అనిపించింది."

భీమ్లా చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "చేతులు ఊపిందా?"

"రెండూ ఊపింది. ఇంకొకడైతె చెట్టెక్కుతడు. ఎలుగ్గొడ్డుకు చెట్టెక్కుడు వస్తది గనక నేను ఎక్కలె. ఉరికిన. అది ఎనక, నేను ముందు. వాగులు, వంకలు, గుట్టలు, ఏదీ చూడలె. చివరికి దానికే ఆయాసమొచ్చి ఒక చెట్టు కింద కూలబడ్డది. ముక్కుతోని పీల్చి నోటితోని ఇడవాలె, గప్పుడు ఆయాసం రాదని దానికి చూపిద్దామనుకున్న, గప్పుడే ముందట పిల్ల కనబడ్డది."

"ఏ పిల్ల?" అంది బుల్లెమ్మ.

"మా బడి పిల్లనే. పేరెందుకులే. పదకొండుమంది తిరిగి పోయిండ్రు, ఈమె ఒక్కతె తొవ్వ తప్పి ఉరుకుతున్నది. ఆగు అన్న. ఆగలె. ఒకసారి తిరిగి నన్ను చూసింది, మళ్ళ ఉరికింది. నేను ఆగితె ఆమె ఆగుతది, నేను ఉరికితె ఆమె ఉరుకుతది. భయంతోని మతి పోయింది పాపం పిల్లకు. భీమ్లా, ఇదే నేను నీకు చెప్పొచ్చేది. పిల్ల అడవిల తప్పిపోతుంటె నేను ఊకుంటనా? పట్టిన ఉరుకుడు. ముందట మధ్యప్రదేశ్ ఫారెస్టోళ్ళ చెక్‌పోస్టు. దుమ్ము చూసి వాళ్ళు జీపొస్తున్నదనుకొని అడ్డకట్టె లేపిండ్రు. దగ్గరికొచ్చినంక చూస్తె నేను! సలాం కొట్టిండ్రు."

"కార్తీకంల దుమ్మెక్కడిది సారూ, నిన్నటిదాక వానలేనాయె."

"నేను ఉరికితె లేచింది బుల్లెమ్మా. దుమ్ము దానంతట అది లేస్తదా? అది దాటినంక వెదురు బొంగుల లారీ పోతున్నది. నేను పక్కనుంచి ఉరుకుతుంటె డ్రైవరు తలకాయ బయట పెట్టి, భాయ్, టైము ఎంతైంది అన్నడు. చెప్పిన. వాడు గడియారం సరిచేసుకునే లోపల నేను రెండు మూలలు తిరిగిన. ఆ తర్వాత ఇంద్రావతి. కార్తీకంల నది ఎట్లుంటదో మీకు నేను చెప్పాల్నా, ఒడ్లు ఒరుసుకొని పోతున్నది. పడవ కోసం నిలబడితె పిల్ల దక్కదు. అందుకని నీళ్ళ మీదనే ఉరికిన. అందుల కిటుకేం లేదు, ఒక కాలు మునిగేలోపల ఇంకో కాలు వెయ్యాలె, ఆ కాలు మునిగేలోపల మళ్ళ మొదటి కాలు. పాదాలు తడిసినయి, అబద్ధం ఎందుకు. పంట్లాము తడవలె.

"అక్కణ్ణుంచి జగదల్‌పూరు. బజారుల జనం రెండు దిక్కుల నిలబడి చప్పట్లు కొడుతున్నరు. ఒకామె చెంబుతోని నీళ్ళిచ్చింది, తాగి చెంబు తిరిగి ఇద్దామంటె ఆమె ఊరు దాటిపోయింది, అంటె నేను దాటిన. ఆ చెంబు మా ఇంట్ల ఇప్పటికీ ఉంది, సవరమ్మను అడగండ్రి."

"జగదల్‌పూర్ ఇక్కడికి రెండు వందల కిలోమీటర్లకు తక్కువుండదండీ" అన్నాడు బసవపున్నయ్య.

"రోడ్డు మీద పోతె. నేను అడ్డం పడి పోయిన."

"సరే. నాకొక్కటే అనుమానం మాస్టారూ. ఇదంతా ఆ పిల్ల మీకంటే ముందే పరిగెత్తింది కదా. లారీనీ ముందు దాటింది ఆవిడే, నీళ్ళ మీదా ముందు పోయింది ఆవిడే అన్నమాట?"

క్రీస్తుదాసు చెయ్యి విజిలు మీదికి పోయింది.

"ముందే. అవును, ఆమెనే ముందు. నేను అందుకోలె పున్నయ్యగారూ. ఆ దినమే కాదు, ఈ రెండేండ్లల్ల ఒక్కనాడు గూడ అందుకోలె. ఉరుకుతుంటె కాలి చప్పుడే వినబడది. బూట్లు తొడిగినా అంతే, తొడగకున్నా అంతే. పందెం అయిపోయినంక మిగిలిన పిల్లలు నేల మీద పడి పొర్లాడుతరు, ఆమె పోయి బోరింగు కొట్టి అందరికి నీళ్ళు తెస్తది. పదకొండేండ్లల్ల గసొంటి పిల్లను నేను చూడలె భీమ్లా. ఇంట్ల కూసోబెడ్తనని నువ్వంటుంటె నాకు పాణం ఉసూరుమంటున్నది."

"పేరు చెప్పనంటిరి గద సారూ" అంది బుల్లెమ్మ.

"చెప్పలె! నేను ఎవ్వరి పేరు చెప్పలె. కథ ఇనుండ్రి. జగదల్‌పూర్ల గడియారం స్తంభం చుట్టు తిరిగి పిల్ల ఎనకకు మళ్ళింది, నేనూ మళ్ళిన. మళ్ళ నది, మళ్ళ చెక్‌పోస్టు. ఎలుగ్గొడ్డు ఇంకా అదే చెట్టు కిందనే కూసొని ఉంది, ఈసారి లేవను గూడ లేవలె. తిన్నగ బడి గేటు. పిల్లను లోపలికి పంపి నేను గ్రౌండుల నిలబడితె, సన్నగ సప్పుడొస్తున్నది. ఏందా అని చెవి పెట్టి విన్న. పొద్దున ఏడింటికి నేను ఊదిన విజిలు. ఆ సప్పుడు ఇంకా గ్రౌండు దాటలె, నేను దేశం దాటి వచ్చిన! చాలునా భీమ్లా? ఇంకేమన్న అనుమానం ఉందా నీకు?"

భీమ్లా అన్నాడు:

"సారూ, అది నా చేను."

"ఏది?"

"జొన్నచేను. మీరు ముట్టింది నా చేను మూలరాయి. బార్డరు అక్కణ్ణుంచి ఇంకా మస్తు దూరం ఉంటది."

"నీ చేనా?"

"అవ్. ఆ పొద్దు నేను మంచె మీద ఉన్న, చిలుకలను కొడుతున్న. పిల్లలందరొచ్చి నా రాయి ముట్టి తిరిగి పోయిండ్రు. మనకు నాలుగు కిలోమీటర్లే, సారు ఏదో అంటడు తియ్యి అనుకుంట పోయిండ్రు. వాళ్ళు పోయినంక మీరొచ్చిండ్రు. రాయి ముట్టి, చేను చుట్టు ఒకమాటు తిరిగిండ్రు. చేను చూస్తున్నరేమో అనుకున్న. రెండోమాటు తిరిగిండ్రు. మూడోమాటు గూడ తిరిగి మళ్ళ రాయి ముట్టిండ్రు. గప్పుడు సమజైంది నాకు, సారుకు తొవ్వ దొరుకుత లేదని. చలికి నల్ల గొంగడి కప్పుకొని ఉన్న. గట్లనే మంచె దిగి, చేతులు ఊపుకుంట, సారూ, సారూ అని పిలుచుకుంట మీ కాడికొచ్చిన. మీరు నన్ను చూసి ఉరికిండ్రు."

బసవపున్నయ్యకు చాయ్ పొలమారింది. బుల్లెమ్మ కొంగు నోట్లో పెట్టుకుని పొయ్యి వైపు తిరిగింది.

"నేను వెంబడి వస్తె ఇంకా ఉరికిండ్రు. నా చేతగాక చెట్టు కింద కూసున్న. ఈలోపల మా హేమ్లి బడి దాక పోయి, సారు ఇంకా రాలేదని మళ్ళ ఎనకకు ఉరికొచ్చింది. నేనే చెప్పిన, తొవ్వ తప్పిండ్రు అని సారు ముందట అనకు బిడ్డా, పెద్దమనిషి, సిగ్గుపడ్తడు. ఆయన ముందట పడి ఉరుకు, నిన్ను పట్టుకోను ఎనక వస్తడు. నడుమ నడుమ తిరిగి చూసుకో, వస్తున్నడా లేదా అని. గట్లనే బడి గేటు దాక తోలుకపోయింది. ఎవ్వరికీ చెప్పొద్దన్న. చెప్పలె."

క్రీస్తుదాసు చిన్న గొంతుతో, "మరి జగదల్‌పూరు?" అన్నాడు.

"అది నేను చూడలె సారూ" అన్నాడు భీమ్లా మర్యాదగా.

మలుపు దగ్గర బస్సు హారన్ వినిపించింది. పిల్లలు మూటలు ఎత్తుకుని లేచారు. భీమ్లా కూడా లేచి, తలగుడ్డ సర్దుకుని రోడ్డు ఎక్కాడు.

"రాత్రంత నాకు ఇదే రంధి సారూ, పిల్ల పెద్ద ఊర్ల తప్పిపోతె ఎట్లా అని. నిద్ర గూడ పోలె. ఇప్పుడు మీరు చెప్తుంటె అంతా యాదికొచ్చింది. జర బస్సు ఆపుండ్రి, ఉరికిపోయి హేమ్లిని తోలుకొస్త."

క్రీస్తుదాసు బల్ల మీంచి అమాంతం లేచాడు. "పంపుతవా? నిజంగ పంపుతవా? నా మీద నమ్మకం కుదిరిందా భీమ్లా?"

"మీ కోసమే సారూ" అన్నాడు భీమ్లా. "అది మీతోని రాకపోతె, అంత దూరం నుంచి మిమ్ముల ఎవరు తోలుకొస్తరు?"