మొదటి అంగుళం లేని టేపు

హలో… ఆ, నేనే.

నా కూతుర్ని వాడికి చూపించింది నువ్వే అక్కా. అందులో వాదన లేదు.

… ఏడవకు. ఏడిస్తే మాట వినపడదు. కుట్టు మిషన్ మీదున్నాను.

… కుట్టక ఏం చెయ్యను? ఈ కాలర్లు ఎవరు వేస్తారు, నువ్వొచ్చి వేస్తావా?

… బాగానే ఉంది. నా కాళ్ల దగ్గరే కూర్చుని గుండీలు ఏరుతోంది. తెల్లవి ఒక డబ్బాలో, నల్లవి ఒక డబ్బాలో. బడి నుంచి తీసుకొచ్చినప్పటి నుంచీ అదే పని. … లేదు, ఏడవలేదు.

… ఇవ్వను. నీతో మాట్లాడదు.

… మంచికే చేశావు. కాదన్నానా? మీ మరదలు పోయి ఏడాది తిరిగింది, తమ్ముడికి తోడు కావాలని నా పేరు మీద ఆ డేటింగ్ యాప్‌లో చేరావు. నాతో ఒక్క మాట అనలేదు. నా ఫోటో పక్కన పిల్ల ఫోటో పెట్టావు — బడి యూనిఫాంతో సహా. నా బదులు నువ్వే కూర్చుని కబుర్లు రాశావు.

… యాప్‌లో నీతో మాట్లాడినావిడ టీచరని చెప్పిందా? ఆ టీచరమ్మకి మీసం ఉంది.

… వాచ్‌మన్ చూశాడు. వాడు మెడలో కొలతల టేపు వేసుకుని బడి గేటు దగ్గర నిలబడ్డాడట. "మీ నాన్న పంపాడు పాపా, కారెక్కు" అన్నాడట.

… అదే నేనూ అడుగుతున్నా. టేపు సంగతి వాడికెలా తెలిసింది? పిల్లని తీసుకురావడానికి ఎవర్ని పంపినా నా టేపు మెడలో వేసి పంపాలి, టేపు లేకపోతే పిల్ల కదలకూడదు. మీ మరదలు పెట్టిన కట్టుబాటు అది. ఇంట్లోవాళ్లం తప్ప ఎవరికీ తెలీదు.

…

… ముచ్చటగా ఉంటుందని రాశావా. సరే.

… అడుగుతాడు మరి. పిల్ల ఎన్నింటికి బయటికొస్తుంది, ఎవరు తెస్తారు — వాడికి కావలసింది అదే. నా గురించి ఏమైనా అడిగాడా? … ఒక్కటీ లేదు కదా. పెళ్లాడతానన్న మనిషి పెళ్లికొడుకు సంగతే అడగలేదు. నీకు అనుమానం రాలేదు.

… పిల్లే కనిపెట్టింది. నా టేపుకి మొదటి అంగుళం లేదు. ఎప్పుడో కత్తెర పడి తెగింది, రెండు నుంచి కొలుస్తాను. వాడిది కొత్త టేపు. పిల్ల కొస పట్టుకుని చూసింది. దాని మీద ఒకటి అంకె ఉంది. లోపలికి పరుగెత్తింది.

… అవును. ఆ సంగతి నువ్వు రాయలేదు. నీకు తెలీదు కాబట్టి.

… దొరకలేదు. వాచ్‌మన్ వచ్చేలోపే కారు వెళ్లిపోయింది.

… ఏంటీ? యాప్ తీసేస్తావా? … ఆగు. తీసేశావా, ఇంకా లేదా? … వాడు రాసినవన్నీ ఉన్నాయా? … అక్కా, దాని జోలికి పోకు.

… బావ చూస్తే చూడనీ. నాలుగు తిడతాడు. పడు.

… పరువా? నా పిల్ల ఆ కారు దాకా వెళ్లొచ్చింది, నువ్వు పరువంటున్నావు. బండి నంబరు ఎవరూ చూడలేదు. పోలీసులకి దొరికేదల్లా నీ ఫోన్లో ఉన్న మాటలే. అవి పోతే వాడు ఇంకో యాప్‌లో ఇంకో తల్లి లేని పిల్లని వెతుక్కుంటాడు.

… వాణ్ణి తిట్టకు. జవాబే ఇవ్వకు. బ్లాక్ చెయ్యకు. ఎక్కడున్నవి అక్కడే ఉంచి, పొద్దున్నే ఫోన్ పట్టుకుని స్టేషన్‌కి రా. గేటు దగ్గరుంటా.

… అన్నీ చదువుతారు. నువ్వు రాసినవి కూడా.

… వస్తావా? … గట్టిగా చెప్పు. … సరే.

… లేదు, పిల్లని తీసుకురాను.

… క్షమించడమా? ఆ మాట ఇప్పుడెందుకు.

… టేపు ఇక పనికిరాదు. కొత్త గుర్తు పెట్టుకున్నాం, నేనూ పిల్లా.

… నీకు చెప్పను.

… సొంత అక్కవే. అయినా చెప్పను.

రేపు స్టేషన్‌లో చెప్పాల్సింది చెప్తాను. ఆ తర్వాత ఈ మాట నా నోట రాదు. నువ్వెత్తినా, బావ ఎత్తినా లేచి వెళ్లిపోతాను. … చావు మంచం మీదైనా సరే.

పెట్టేస్తున్నా. కాలర్లున్నాయి.